గోడ మీద తెల్ల గిన్నె

పాపాయి తల్లికి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: పాపకి ఊపిరి బిగుసుకుపోయినప్పుడు ఇంట్లో తనొక్కతే ఉండటం. పాములన్నా, ఉరుములన్నా, నిండు నూతిలోకి తొంగి చూడటమన్నా ఆమెకి లెక్క లేదు. ఈ ఒక్క భయం మాత్రం కొంగున ముడేసినట్టు పొద్దున లేచింది మొదలు వెంట తిరిగేది.

పాపకి ఏడాదిన్నర. జబ్బు పిల్లేం కాదు. బుగ్గలు బంతుల్లా ఉంటాయి, కాళ్ళు నిలకడగా ఉండవు. అడిగింది చేతికి రాకపోతే మాత్రం ఏడుపు అందుకుంటుంది. మొదట్లో అది అందరి పిల్లల ఏడుపే. కాసేపటికి నోరు తెరిచి ఉండగానే శబ్దం ఆగిపోతుంది. పెదాలు సిరా పూసినట్టు నీలం తిరుగుతాయి, ఒళ్ళు తడిగుడ్డలా వేలాడిపోతుంది. పక్కనుంచి చూసేవాళ్ళకి అది ఒక నిమిషం. కన్నతల్లికి అదొక జన్మ. ఆ తర్వాత పాప గట్టిగా గాలి పీల్చుకుని, ఏమీ ఎరగనట్టు భుజం మీద నిద్రపోతుంది. తల్లికి మాత్రం ఆ పూటంతా గ్లాసు పట్టుకున్నా చేతులు వణుకుతూనే ఉంటాయి.

మొదటిసారి అలా అయినప్పుడు పాపకి పది నెలలు. మిట్టమధ్యాహ్నం. వీధిలో మనుషులందరూ పనుల మీద పోయారు. పాపని చేతుల మీద వేసుకుని వాకిట్లోకి వచ్చి ఆమె పెట్టిన కేకకి పక్షులు లేచాయి గానీ మనిషి లేవలేదు. పక్కింటి వాకిట్లో మాత్రం ఒకావిడ కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఆవిడకి కేక వినబడలేదు. తలెత్తి చూసేసరికి తెరుచుకున్న నోరు కనబడింది. అంతే, చిక్కుడుకాయలు ఒకపక్క, చాట ఒకపక్క. యాభై ఎనిమిదేళ్ళ మనిషి నడుమెత్తు గోడ దూకి వచ్చింది.

ఆవిడే గంటత్త.

గంటత్త ఊరి బళ్ళో ముప్పై ఏళ్ళు గంట కొట్టింది. పొద్దున మొదటి గంట నుంచి సాయంత్రం ఇంటిగంట దాకా ఆవిడ చేతి మీదుగానే ఊరు కదిలేది. అంత పెద్ద ఇనప పట్టాకి మూరెడు దూరంలో నిలబడి ముప్పై ఏళ్ళు కొడితే చెవులు ఊరుకుంటాయా? కుడి చెవి పూర్తిగా, ఎడమ చెవి ముప్పాతిక మూసుకుపోయాయి. "ఊరందరికీ నేను వినిపించాను, నాకు వినిపించేవాడు లేకుండా పోయాడు" అని తనే నవ్వేది. పెదాలు చూసి సగం, ముఖం చూసి సగం అర్థం చేసుకునేది. తలుపు కొడితే వినబడదని, గుమ్మం పక్కన ఒక పురికొస వేలాడదీసింది. అది లాగితే లోపల ఆవిడ మంచం పైన కట్టిన ఎర్రగుడ్డ ఊగుతుంది. అదే ఆ ఇంటికి గంట.

ఆ రోజు గంటత్త పాప ముఖాన నీళ్ళు కొట్టింది, కుదిపింది, తల్లిని కూడా నాలుగు తిట్లు తిట్టింది. పాప ఊపిరి దానంతటదే వచ్చింది. మర్నాడు పొద్దున గోడ దగ్గరికి వచ్చి అంది:

"అమ్మడూ, నువ్వు అరిస్తే నాకు వినబడదు. నేను అరిస్తే మీ హెడ్మాస్టరమ్మ ఏడుపులో నీకు వినబడదు." పాపకి ఆవిడ పెట్టుకున్న పేరు అది, ముఖం చిట్లిస్తే చాలు ఇంటిల్లిపాదీ పరుగెత్తుతారని. "మనిద్దరికీ కళ్ళున్నాయి, మధ్యలో గోడుంది. చాలదూ?"

ఏర్పాటు ఇదీ. పొద్దున లేచి ముఖం కడుక్కోగానే గంటత్త తన తెల్ల గిన్నె కడిగి గోడ మీద బోర్లించాలి. నీలం అంచు, రెండుచోట్ల పూత ఊడిన పాత గిన్నె అది. పాప తల్లి తన నీలం ప్లాస్టిక్ మగ్గు దాని పక్కన బోర్లించాలి. పాలబండి హారన్ కొట్టేలోపు రెండూ గోడ మీద ఉండాలి. పాలు తీసుకున్నాక ఎవరిది వాళ్ళు లోపలికి పట్టుకుపోవాలి. ఒకటి కనబడకపోతే రెండోవాళ్ళు వచ్చి చూడాలి.

గోడలకి చెవులుంటాయంటారు. ఆ గోడకి మాత్రం కళ్ళొచ్చాయి. ఎనిమిది నెలల్లో రెండుసార్లు అక్కరకొచ్చింది కూడా. ఒకసారి ఆమెకి జ్వరం వచ్చి లేవలేకపోతే గంటత్త వచ్చి పాపని ఎత్తుకుపోయింది. ఇంకోసారి గంటత్త గిన్నె కనబడక ఈమె గుండెలు బాదుకుంటూ వెళ్ళి పురికొస లాగితే, "బతికే ఉన్నానే తల్లీ! ముప్పై ఏళ్ళు ఊరిని నిద్ర లేపాను, ఒక్కరోజు పడుకోనివ్వవా?" అంది దుప్పట్లోంచి.

అలా సాగిపోతుండగా ఒక శనివారం సాయంత్రం ఆమె భర్త టౌన్ నుంచి కొత్త మాట పట్టుకొచ్చాడు.

ఆయన టౌన్‌లో బస్సు డిపోలో టైర్ల పని చేస్తాడు. గంటన్నర ప్రయాణం. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లారకుండా వెళ్ళేవాడు. ఎంత రుద్దుకున్నా గోళ్ళ కింద నలుపూ, చొక్కాకి రబ్బరు వాసనా పోవు. పాప ఆ వాసన పట్టే తండ్రిని గుర్తుపట్టేది.

"ఇదిగో, రెండు గదులు చూశాను" అన్నాడు పాపని మోకాళ్ళ మీద ఊపుతూ. "డిపోకి పది నిమిషాల నడక. పిల్లల డాక్టరమ్మ నాలుగు వీధుల అవతల. కుళాయి ఇంట్లోనే."

"అక్కడ మనకెవరున్నారు?"

"నేను లేనూ?"

"మీరు ఆరింటికి వెళ్తే నాలుగింటికి వస్తారు. మధ్యలో?"

"మధ్యలో ఊరంతా ఉంటుంది. లక్షమంది."

"లక్షమందిలో నేను కేకేస్తే ఎవరొస్తారు?"

"ఇక్కడ మాత్రం? ఉన్న ఒక్క మనిషికీ వినబడదు!"

ఆమెకి కోపం వచ్చింది, ఆ వెనకే నవ్వూ వచ్చింది. రెండూ అణచుకుని పొయ్యి దగ్గరికి పోయింది. ఆయన వెనకాలే వచ్చి గొంతు తగ్గించాడు. "నవ్వులాట కాదే. ఇక్కడ దానికి అలా అయితే టౌన్ ఆసుపత్రికి గంటన్నర. బండి దొరికితే. వారమంతా టైర్లు విప్పుతూ అదే ఆలోచిస్తాను. మొన్న ఒక నట్టు బిగించడం మర్చిపోయాను."

ఆ నట్టు మాట ఆమెకి గుచ్చుకుంది. తనొక్కతే భయపడుతోందనుకుంది ఇన్నాళ్ళూ.

ఆ గదుల యజమాని మంచివాడు, నెలాఖరు దాకా ఉండి చూసుకుని చెప్పమన్నాడట. అప్పటికి ఇంకా మూడు వారాలుంది. ఆమె రెండు రోజులు గోడ మీద పిల్లిలా అటూ ఇటూ ఊగింది. ఈ ఊళ్ళో మనిషుంది, వైద్యం లేదు. ఆ ఊళ్ళో వైద్యముంది, మనిషి లేదు. ఉన్న ఊరు కన్నతల్లి అన్నారు సరే, కన్నతల్లి లేకే కదా తను ఎనిమిదో తరగతిలో ఈ ఊరి బడే మానేసి తమ్ముణ్ణి చంకనేసుకుంది. ఎటు చూసినా పాప నీలం పెదాలే కనబడేవి.

మూడో రోజు గోడ దగ్గర గంటత్తకి చెప్పింది. ఆవిడ ఆమె పెదాలకేసి చూసి, మొత్తం విని, ఒక్కమాటే అంది. "వెళ్ళు."

"దూరపు కొండలు నునుపు అత్తా."

"ఆ దూరపు కొండ మీద డాక్టరుంది. ఇక్కడి కొండ మీద నేనున్నాను, చెవుల్లేకుండా. వెళ్ళి పదిహేను రోజులు చూసి రా. గోడ ఎక్కడికీ పోదులే."

"పోనీ నువ్వూ రా మాతో."

"నేనా? అక్కడ ఎవరి గంట వాళ్ళ జేబులోనే మోగుతుందిట. నాకేం పని?"

వెళ్ళే ముందు ఆమె పాలబండాయన్ని ఆపి మాట తీసుకుంది. "అన్నా, రోజూ పొద్దున గోడ మీద తెల్ల గిన్నె బోర్లించి ఉందో లేదో చూసి నాకు ఫోను చెయ్యి. ఉంది, లేదు, ఒక్క మాట చాలు."

"గిన్నె గురించి రోజూ ఫోనా అక్కా! అందులో ఏమన్నా బంగారం పోశావా?"

"అంతకంటే ఎక్కువే అన్నా."

"సరేలే, చూస్తా" అన్నాడాయన.

టౌన్‌లో ఇల్లు మేడ మీద. ఇరవై రెండు మెట్లు. పాపని ఎత్తుకుని ఎక్కుతుంది కాబట్టి ఆమెకి లెక్క తెలుసు. ముందు గదికి ఒక కిటికీ, వంటింటికి ఒక గూడు, బయట చాప వేస్తే నిండిపోయేంత వరండా, దానికి మోచేతి ఎత్తు పిట్టగోడ. వీధి ఎంత సన్నమంటే ఎదురింటి వాళ్ళు దగ్గితే ఇక్కడ మందు వేసుకోవచ్చు. ఎదురుగా కింద టైలరమ్మ కొట్టు. పొద్దున మొదలయ్యే ఆ మెషీను చప్పుడు దీపం పెట్టేదాకా ఆగదు. బస్సులు, గేట్లు, ఎవరి ఇంట్లోదో ప్రెషర్ కుక్కరు. మొదటి రోజు ఆమెకి తలంతా తేనెపట్టులా ఉంది.

రెండో రోజు పొద్దున లేచింది, ముఖం కడుక్కుంది, మగ్గు కడిగింది, వెళ్ళి పిట్టగోడ మీద బోర్లించింది. బోర్లించాక గాని తట్టలేదు, ఎవరికోసం అని. చుట్టూ చూసింది, ఎవరూ చూడలేదు కదా అని. తన తెలివికి తనే నవ్వుకుంది. తీసేద్దామని చెయ్యి వేసింది, చెయ్యి రాలేదు. సరే, ఉండనీ. అంతలో ఫోను మోగింది.

"గిన్నె ఉందక్కా" అన్నాడు పాలబండాయన.

మనసు కుదుటపడింది. అప్పట్నుంచి, పాలబండి రాని ఆదివారం తప్ప, రోజూ అంతే. ఇక్కడ మగ్గు బోర్లించడం, అక్కడ గిన్నె ఉందని వినడం. ఆ రెంటి మధ్యా రోజు మొదలయ్యేది.

ఆ వారంలోనే పాపని డాక్టరమ్మకి చూపించారు. డాక్టరమ్మ పాపని అటూ ఇటూ తిప్పి చూసి, రక్తం పట్టడానికి మందు రాసి, "ఇది కొంతమంది పిల్లలకి ఉంటుందమ్మా. ఏడుపులో ఊపిరి బిగబడతారు. ఐదేళ్ళు వచ్చేలోపు చాలామందికి పోతుంది. మీరేం చేస్తున్నారు అలా అయినప్పుడు?" అని అడిగింది.

"నీళ్ళు కొడతామండీ. కుదుపుతాం. అరుస్తాం."

"అరవడం ఒక్కటీ ఉంచుకోండి, అది మీకోసం. మిగతా రెండూ మానేయండి" అంది డాక్టరమ్మ నవ్వుతూ.

ఇంటికి రాగానే ఆమె క్యాలెండర్ కాగితం వెనక పెద్ద పెద్ద అక్షరాలతో రాసి వంటింటి గూటికి అంటించింది. రాసి చాలా ఏళ్ళైంది, గీతలు వంకర పోయాయి. 'పక్కకి తిప్పి పడుకోబెట్టు. కుదపకు. నీళ్ళు కొట్టకు. నోట్లో ఏమీ పెట్టకు. అరవై లెక్కపెట్టు. అరవై దాటితే పరుగెత్తు.' భర్త అది చదివి, "మా డిపోలో గోడకి రాసినదానికంటే ఇదే బాగుంది" అన్నాడు. ఆమె పైకి మూతి తిప్పింది గానీ లోపల సంతోషపడింది.

పదకొండో రోజు పొద్దున ఆయన డిపోకి వెళ్ళిపోయాడు. ఆమె మగ్గు కడిగి వరండాలోకి నడుస్తోంది. పాప దారికి అడ్డం వచ్చి చేతులు చాచింది. మగ్గు కావాలి.

"ఉండవే, పెట్టేసి ఇస్తా" అంది తల్లి.

పాప వినలేదు. ఏడుపు లేచింది. ఆమె గబగబా మగ్గు చేతిలో పెట్టబోయింది గానీ అప్పటికే ఆలస్యమైంది. నోరు తెరుచుకునే ఉంది, శబ్దం లేదు. ఆమె ఎరిగిన ఆ నీలం రంగు పెదాల చివర మొదలై ముక్కు దాకా పాకింది. పాప నిలబడ్డ చోటే పక్కకి ఒరిగిపోయింది.

ఇంట్లో ఎవరూ లేరు. ఇన్నాళ్ళూ ఏది రాకూడదని దణ్ణం పెట్టుకుందో అదే వచ్చి ఎదురుగా కూర్చుంది.

కేక గొంతు దాకా వచ్చింది. గూటికి అంటించిన కాగితం కనబడింది. ఆమె పాపని చాప మీద పక్కకి తిప్పింది. కుదపడానికి చేతులు వాటంతటవే లేస్తే ఒక చేత్తో ఇంకో చేతిని పట్టుకుంది. ఒకటి. రెండు. మూడు. కింద మెషీను చప్పుడు లేదు, బస్సు లేదు, ప్రపంచంలో ఆమె లెక్క ఒక్కటే ఉంది. పదిహేను. పదహారు. పాప కళ్ళు పైకి తేలాయి. ఇరవై ఎనిమిది. అంకెలు మర్చిపోతానేమోనని ఆమె బళ్ళో ఎక్కాలు చెప్పినట్టు పైకి గట్టిగా చెప్పింది. ముప్పై తొమ్మిది. నలభై. నలభై ఒకటి.

పాప ఒక్కసారి గట్టిగా గాలి లాక్కుంది. పెదాల మీదికి రంగు తిరిగొచ్చింది. కళ్ళు తెరిచి తల్లిని చూసి, ఎందుకీవిడ ఇలా ఉంది అన్నట్టు చూసి, నిద్రలోకి జారుకుంది.

ఆమె చాప మీదే కూలబడింది. మగ్గు గుమ్మంలో దొర్లి పడి ఉంది. ఎంతసేపు అలా ఉందో ఆమెకి తెలియదు. తలుపు మీద టకటకా చప్పుడైంది.

"ఏమ్మా! లోపలున్నావా? ఇవాళ మగ్గు పెట్టలేదేం?"

తలుపు తోసుకుని టైలరమ్మ వచ్చింది. మెడలో టేపు, జాకెట్టు భుజానికి గుచ్చిన గుండుసూదులు, ఇరవై రెండు మెట్లు ఎక్కిన ఆయాసం.

ఆమె ఆవిడకేసి చూసి భోరున ఏడ్చింది.

"అయ్యో, మగ్గు గురించి అడిగితే ఏడుస్తావేంటి? పగిలిందా ఏమిటి?"

"ప్లాస్టిక్‌దండీ" అంది ఆమె ఎక్కిళ్ళ మధ్య.

"మరి పగలదుగా! ఎందుకేడవడం?"

అప్పుడు చెప్పింది. పాప సంగతి, గోడ సంగతి, గంటత్త సంగతి, నలభై ఒకటి సంగతి. టైలరమ్మ పాప పక్కన కూర్చుని వింటూ, చిన్న పొట్ట పైకీ కిందకీ కదలడం చూస్తూ ఉండిపోయింది. తర్వాత అడక్కుండానే వంటింట్లోకి పోయి, డబ్బాలు వెతుక్కుని టీ పెట్టింది.

"మీరెందుకొచ్చారండీ అసలు? మగ్గుకి అర్థం మీకు తెలీదుగా."

"అర్థమా? నా గోడ గడియారం ఆగి ఆర్నెల్లైంది. నువ్వొచ్చిన దగ్గర్నుంచీ నీ మగ్గే నా గడియారం. అది బోర్లించగానే నేను మెషీను ఎక్కుతాను. ఇవాళ చూస్తే లేదు. బొత్తాలు కుట్టాను, ఇంకా లేదు. ఇస్త్రీ పెట్టె వేడెక్కింది, ఇంకా లేదు. ఆ పిల్లకేమైందో చూసొద్దామని..." ఆవిడ టీ గ్లాసు ఆమె చేతిలో పెట్టింది. "ఇంకోసారి అలా అయితే ఆ మగ్గు వీధిలోకి విసిరెయ్. నా నెత్తిన పడ్డా పర్లేదు, వచ్చేస్తాను."

ఆ టీలో చక్కెర ఎక్కువైంది. అంత మంచి టీ ఆమె తన బతుకులో తాగలేదు.

సాయంత్రం ఆయన వచ్చాక అంతా విని, గోడకి ఆనుకుని, "ఒక్కదానివే ఉన్నావా?" అన్నాడు.

"ఒక్కదాన్నే" అంది. ఆ మాట అన్నాక చేతులకేసి చూసుకుంది. వణకడం లేదు.

నెలాఖరు ఆదివారం ముగ్గురూ ఊరు బయల్దేరారు. సామాను సర్దుకోవడానికో, అక్కడే ఉండిపోవడానికో ఆమె ఇంకా పైకి అనలేదు. అనకపోయినా మనసు టౌన్ వైపు మొగ్గింది. గంటత్తకి ఎలా చెప్పాలా అని బస్సులో దారి పొడుగునా పెదాలు కదుపుతూ మాటలు కూర్చుకుంది.

మలుపు తిరగగానే గోడ మీద తెల్ల గిన్నె కనబడింది. ప్రాణం లేచొచ్చింది. రెండడుగులు వేశాక కాళ్ళు ఆగిపోయాయి. మధ్యాహ్నం రెండు గంటలు. ఈ వేళప్పుడు గిన్నె గోడ మీద ఎందుకుంది? పైగా ఆదివారం పాలబండే రాదు.

దగ్గరికి వెళ్ళి చూసింది. గిన్నె అడుగున వేలు పెడితే వేలు దిగేంత దుమ్ము. అంచుకీ గోడకీ మధ్య సాలెగూడు. ఎత్తి చూస్తే కింద తుప్పు మరక గుండ్రంగా గోడకి పట్టేసింది.

పాపని భర్త చేతిలో పడేసి పరుగెత్తి పురికొస లాగింది. ఒకసారి, రెండుసార్లు, ఊడొచ్చేలా పదిసార్లు. లోపల ఏదో కదిలింది. టక్, టక్ అని కర్ర చప్పుడు. గంటత్త వచ్చి తలుపు తీసింది. ఎడమ కాలి మడమకి గుడ్డ చుట్టి ఉంది.

"వచ్చావా అమ్మడూ! ఆ గుడ్డ తెగిపోయేలా ఊపావు కదే!"

ఆమె చేతిలోని గిన్నె ఆవిడ ముందు పట్టుకుని, దాని వీపు మీద దుమ్ములో వేలితో రాసింది. 'ఎప్పుడు?'

గంటత్త చదివి, కొంచెం ముఖం తిప్పుకుంది. "నువ్వెళ్ళిన రోజు."

"ఒకసారి పెట్టి వదిలేశావా? నేను రోజూ అడుగుతున్నాను, ఆయన రోజూ ఉందంటున్నాడు!"

"ఉందిగా. పాపం ఆయన అబద్ధం చెప్పలేదు."

"కాలికేమైంది?"

"నాలుగో రోజు పెరట్లో జారాను. రెండు రోజులు మంచం దిగలేదు. బిస్కెట్లున్నాయిలే. గేటుకి తగిలించిన సంచిలో పాల ప్యాకెట్లు ఎదురింటి పిల్లి తాగింది. ఆ రెండు రోజులూ అది నన్నెంత గౌరవంగా చూసిందనుకున్నావు!"

ఎవరూ నవ్వలేదు. గంటత్త కర్ర పక్కన పెట్టి గడప మీద కూర్చుంది. "కోప్పడకే. గిన్నె కనబడకపోతే నువ్వు అక్కణ్ణించి పరుగెత్తుకొస్తావు. నీ కళ్ళు నా గిన్నె మీద ఉంటే పాపని ఎవరు చూస్తారు? అందుకని ఉంచేశాను."

ఆమెకి అప్పుడర్థమైంది. తప్పు పాలబండాయనది కాదు, గంటత్తది కూడా కాదు. తను గిన్నె ఉందా అని అడిగింది గానీ, పదిహేను రోజుల్లో ఒక్కసారైనా అత్త ఎలా ఉంది అని అడగలేదు. గిన్నే మనిషనుకుంది.

"నేను వెళ్ళను" అంది గడప మీద పక్కనే కూర్చుని. "అక్కడ నా మగ్గు చూసే మనిషి దొరికింది. నీ గిన్నె ఎవరు చూస్తారు?"

పదకొండో రోజు జరిగింది చెప్పింది. గంటత్త ఆమె గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని, ఒక్క మాట పోకుండా చూసింది. నలభై ఒకటి అన్నప్పుడు ఆవిడ పెదాలు కూడా ఆ అంకెని పలికాయి.

"నువ్వు బడి మానేసినప్పటి సంగతి గుర్తుందా?" అంది చివరికి. "నెల రోజులు పొద్దుటి గంట రెండు దెబ్బలు ఎక్కువ కొట్టాను. హెడ్మాస్టరు కేకలేశాడు. నీకు వినబడుతుందేమో, వస్తావేమోనని."

"వినబడింది అత్తా. తమ్ముడికి అన్నం పెడుతూ లెక్కపెట్టేదాన్ని."

"మరి రాలేదేం?"

"రానివ్వలేదు."

"ఇప్పుడు నిన్ను ఆపేవాడెవడూ లేడు. అదిగో, వాడు పాపనెత్తుకుని వాకిట్లో నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఆపుకుంటున్నది నువ్వే. నన్ను మళ్ళీ రెండు దెబ్బలు ఎక్కువ కొట్టమంటావా?"

వాకిట్లో ఆయన నిజంగానే నోరు మూసుకున్నాడు. పాప దిగుతానని గింజుకుని, తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి, ఆ దుమ్ము గిన్నె లాక్కుని నెత్తిన బోర్లించుకుంది.

"చూశావా, హెడ్మాస్టరమ్మ సంతకం పెట్టేసింది" అంది గంటత్త.

మర్నాడు ఆయన ఒక్కడే డిపోకి వెళ్ళాడు. ఆమె మూడు రోజులు ఉండి, గంటత్త కాలికి కట్టు కట్టించి, ఇల్లు సర్దింది. పాలబండాయన్ని పట్టుకుని, "అన్నా, ఇకమీదట గిన్నె చూడొద్దు. పురికొస లాగి, పాలు చేతికిచ్చి, మనిషి ముఖం చూసి రా" అంది.

"ఆ మాట ముందే అనొచ్చుగా అక్కా! గిన్నె అన్నావు, గిన్నె చూశాను" అన్నాడాయన నొచ్చుకుని. "బండి వచ్చిన రోజు ఒక్కటీ తప్పలేదు తెలుసా?"

"తెలుసన్నా. నీ మేలు మర్చిపోను" అంది. మనస్ఫూర్తిగానే అంది. ఇప్పుడు ఆయన ఫోనులో "నవ్విందక్కా", "ఇవాళ నన్ను తిట్టిందక్కా" అని చెబుతాడు. తిట్టిన రోజు ఆమెకి ఇంకా నిశ్చింత.

వాళ్ళు టౌన్‌లో కాపురం పెట్టి ఎనిమిది నెలలైంది. పాపకి ఊపిరి బిగుసుకోవడం తగ్గింది. ఆ మధ్య ఒకసారి అయితే టైలరమ్మా ఆమె కలిసి లెక్కపెట్టారు, ఇరవై మూడుకే వచ్చేసింది. టైలరమ్మ గడియారం బాగు చేయించుకుంది, అయినా అది ఐదు నిమిషాలు తప్పు చూపిస్తుందని మగ్గునే నమ్ముతుంది. ఆమె రోజూ పొద్దున మగ్గు బోర్లించి ఒక్క క్షణం పిట్టగోడ దగ్గర నిలబడుతుంది. కింద టైలరమ్మ తలెత్తి చెయ్యి ఊపుతుంది, మెషీను మొదలవుతుంది. దేవుడు ఎక్కడుంటాడో ఆమెకి తెలియదు గానీ, ఆ చప్పుడు వినబడగానే చేతులు వాటంతటవే జోడవుతాయి. భయం పోయిందా అంటే పోలేదు. కొంగున ముడి అలాగే ఉంది. ముడిని ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా పట్టుకున్నారు, అంతే తేడా.

ఒక్కటే వెలితి. పాలబండి ఆదివారం రాదు. నెలకో ఆదివారం వీళ్ళే వెళ్తారు, ఆ రోజు గంటత్త ఇంట్లో జాతరే. మిగిలిన ఆదివారాలు మాత్రం ఆవిడ ముఖం చూసేవాళ్ళు లేరు.

కాబట్టి మీరెవరైనా ఆదివారం పూట ఆ దారిన పోతుంటే, బడి వెనక మూడో ఇంటి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. గోడ మీద తెల్ల గిన్నె ఉంటుంది, అది చూసి సరిపెట్టుకోకండి, ఆ గిన్నె మాట నమ్మడానికి లేదు. పిలవకండి, వినబడదు. గుమ్మం పక్కన పురికొస ఉంటుంది, లాగండి. కాస్త ఆలస్యమైనా నిలబడండి, కాలు ఇంకా నెమ్మదే. తలుపు తీసి తిట్టిందా, పరవాలేదు, వెళ్ళిపోవచ్చు. తియ్యకపోతే మాత్రం గోడ దూకండి. నడుమెత్తే.